దారికి వీపు తిప్పిన వాడ

సర్వేయరు మిస్ డ్రుసిల్లాను కాస్త పక్కకు జరగమన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఆమె తన గుమ్మం మెట్టు మీద కూచుని, ఒళ్ళో గిన్నె పెట్టుకుని, సీమపనసకాయకు చెక్కు తీస్తోంది. మూడుకాళ్ళ పరికరం వెనకాల ఒక కన్ను మూసుకుని నిలబడ్డ ఆ మనిషికి ఆమె అడ్డం వస్తోందట.

"ఎంతవరకు జరగమంటావు బాబూ?"

"ఇల్లు దాటేదాకా."

ముసలావిడ లేచింది. ఆమె వెనక ఇల్లు మాత్రం జరగలేదు. ఆ ఇల్లు అతనికి కనపడుతున్నట్టూ లేదు. మెట్టు కిందే ఎర్ర పీలిక కట్టిన కొయ్యమేకు ఒకటి దిగగొట్టారు.

"ఇదేంటి?"

"రోడ్డు అంచు."

"ఎవరి రోడ్డు?"

సర్వేయరు పుస్తకంలో ఏదో రాసుకుని ముందుకు నడిచాడు. అతని వెనకాల కొలత గొలుసు ఇంకో కొస పట్టుకుని ఎగ్బర్ట్ నడిచాడు. తల ఎత్తలేదు.

కుళాయి దగ్గర బకెట్లతో నిలబడ్డ ఆడవాళ్ళంతా ఇది చూశారు. చూసి, గొలుసు పట్టుకున్నవాడి పెళ్ళాం వైపు తిరిగారు. ఆమె కూడా అక్కడే ఉంది. పేరు కొరాలీ. ఆమె బకెట్టు నిండి పొర్లుతోంది.

"నీ మొగుడికి మంచి పని దొరికిందే కొరాలీ," అంది ఒకామె.

"కోతలయ్యాక దొరికే పని ఏదైనా మంచిదే," అంది కొరాలీ. తలుపు వేసుకున్నట్టుగా అంది. ఇంటికొచ్చి, ఎగ్బర్ట్ పని చొక్కా తీసి జేబులన్నీ వెతికింది. ఒక మేకు, సగం విరిగిన బిస్కట్టు దొరికాయి. ద్రోహానికి ఇంత చవక సాక్ష్యమా అని ఆమెకు విసుగొచ్చింది.

వాళ్ళ వాడ మౌంట్ ప్రాస్పర్ అనే చెరుకు తోటలో ఉంది. చెరుకు కొట్టేవాళ్ళ వాడ. నేల దొరది, ఇల్లు మనిషిది. నేలకు అద్దె కట్టాలి, ఇల్లు మాత్రం సొంతంగా కట్టుకోవాలి. ఇల్లంటే చెక్క ఇల్లు. గోడలు పలకలు పలకలుగా విప్పుకోవచ్చు, కప్పు ఎత్తి బండి మీద పెట్టుకోవచ్చు. కింద పునాది ఉండదు, పొడి రాళ్ళ దొంతులుంటాయి. సున్నం పెట్టి కట్టకూడదని దొరల కట్టడి. ఎందుకంటే, తిక్కరేగిన రోజున దొర పొమ్మంటే కూలివాడు ఇల్లు నెత్తిన పెట్టుకుని పోవాలి. దొర దేవుడి లాంటివాడు, పొమ్మనడానికి కారణం చెప్పడు. దేశానికి జెండా మారి కొన్నేళ్ళయింది. నేల మారలేదు.

ఇప్పుడు చెరుకులో లాభం లేదట. సముద్రం కనపడే చోట ప్లాట్లు వేసి అమ్మితే ఉందట. ప్లాట్లు వేయాలంటే ముందు ఒక ప్రాథమిక ప్లాను గీయాలి. అది గీయడానికి రూళ్ళున్నాయి. నేల వాలు ఎటో చూపాలి, వాననీళ్ళు ఎక్కడికి పోతాయో చూపాలి, ఉన్న బాటలు, బావులు, పెద్ద చెట్లు, సమాధులు, కట్టడాలు అన్నీ చూపాలి. గీసిన దాన్ని జనం చూసేలా ఆ నేల మీదే ఎక్కడో అంటించాలి.

ఏ జనం అని రూల్లో రాయలేదు. అందుకని మేనేజరు ప్రిడీ దాన్ని ఎరువుల కొట్టం లోపలి గోడకు అంటించాడు.

తలుపు బాగుచేయడానికి అక్కడికి పోయిన వడ్రంగి సీబర్ట్ కంట్లో అది పడింది. గంట తిరక్కుండా వాడంతా ముక్కులు మూసుకుని ఆ గోడ ముందు నిలబడింది. కొరాలీ చదవగలదు, దూరి ముందుకు పోయింది. ఎగ్బర్ట్ వెనక నిలబడ్డాడు. అతని చుట్టూ మనిషి పట్టేంత ఖాళీ ఉంది.

"ఇది నుయ్యి," అంది కొరాలీ వేలు పెట్టి. "ఇది చింతచెట్టు. ఇది బండ్ల బాట. ఇదేమో సమాధి."

"ఎవరి సమాధి?"

"పాత దొర గుర్రానిది."

"మన ఇళ్ళేవి?"

కొరాలీ వేలు చింతచెట్టు నుంచి నూతి దాకా నడిచింది. వాడ ఉండవలసిన చోట తెల్ల కాగితం ఉంది. దాని మీద అంకెలు వేసిన గళ్ళున్నాయి. మధ్యలో వెడల్పాటి రోడ్డు. దాని పేరు ఇప్పటి దొర కూతురి పేరు. చనిపోయిన గుర్రానికి చోటుంది, పుట్టబోయే రోడ్డుకు పేరుంది. బతికున్న మనుషుల జాడ లేదు.

"మర్చిపోయి ఉంటారు," అన్నారెవరో వెనకనుంచి.

"గుర్రాన్ని గుర్తుపెట్టుకున్నవాళ్ళా?" అంది డ్రుసిల్లా.

అప్పుడే ప్రిడీ జీపు దిగాడు. కోపం లేదు. అతనికి కోపం వచ్చినప్పటికంటే నవ్వినప్పుడే వాడ ఎక్కువ భయపడేది.

"దొరగారూ, మా ఇళ్ళు గీయలేదు," అన్నాడు సీబర్ట్, టోపీ తీసి.

"నేలకు అతుక్కున్న కట్టడాలు చూపమంది రూలు." ప్రిడీ బయటికి నడిచి, దగ్గరలోని ఇంటి కింద రాళ్ళ దొంతిని బూటు కొనతో తట్టాడు. ఒక రాయి దొర్లింది. "ఇది అతుక్కుందా? ఇది ఇల్లు కాదయ్యా, సామాను. కుర్చీలూ బల్లలూ ప్లానులో గీస్తారా ఎవరైనా?"

"సున్నం వేసుకోనివ్వంది మీరేగా," అంది కొరాలీ.

"నేను పుట్టకముందు సంగతి అది." ఆమె వైపు తిరిగి నవ్వాడు. "ప్లాను పాసయ్యాక నోటీసులొస్తాయి. సామాను సర్దుకోవడానికి టైమిస్తాంలే."

జీపు వెళ్ళింది. పోవడానికి చోటెక్కడుందని ఎవరూ అడగలేదు. ద్వీపం మొత్తం ఎవరో ఒక దొరదే. దాని చుట్టూ ఉన్న సముద్రం మాత్రం ఎవరిదీ కాదు.

ఆ రోజు నుంచి వాడలో అనుమానం చొరబడింది. ఇల్లిల్లూ తిరిగింది. ప్లాను గీసినవాడు ఇళ్ళ మధ్యనే నడిచాడు కదా, వాడికి ఎవరు చెప్పారు ఇవి లెక్కలోకి రావని? ఎవరి ఇంటి ముందు మేకు పడలేదు? రమ్ము కొట్టువాడి ఇల్లు ఎందుకు గీతకు అవతల పడింది? ఉప్పు బదులడిగితే ఎందుకు, దేనికి, ఎంత అని ప్రశ్నలొచ్చాయి. కొరాలీ వాకిట్లోకి రోజూ వచ్చే పక్కింటి కోడి కూడా రావడం మానేసింది. దాన్ని కట్టేశారని తర్వాత తెలిసింది.

అన్నిటికంటే కష్టం, ఆమెకు కూడా అనుమానమే.

"చూస్తూ ఉన్నావు కదా," అంది భోజనం పెడుతూ. "వాడు ఇల్లు ఇల్లూ దాటేస్తుంటే, నోట్లో ఏం పెట్టుకున్నావు?"

ఎగ్బర్ట్ చేప ముల్లు తీసి పళ్ళెం అంచున పెట్టాడు. "గొలుసు పట్టుకోమన్నారు. పట్టుకున్నా. వాడేం రాసుకుంటున్నాడో నాకేం కనపడుతుంది?"

"కనపడకపోతే అడగాలి."

"అడిగితే ఇంకొకడు పట్టుకుంటాడు." కాసేపు తిన్నాడు. "సోమవారం ఆఫీసరొస్తాడు పట్నం నుంచి. కాగితం మీద ఉన్నదీ నేల మీద ఉన్నదీ ఒకటేనా అని చూస్తాడట. రోడ్డు గీత మాత్రం సాఫీగా ఉండాలట. ఆ గీత మీద ఏదైనా పడి ఉంటే, ప్లాను వెనక్కి పోతుందని సర్వేయరు భయపడుతున్నాడు."

కొరాలీ గరిటె ఆగింది. "ఈ మాట నాకు చెప్పమని నీకెవరు చెప్పారు?"

అతను ఆమె వంక చూశాడు. తినడం ముగించి, పళ్ళెం తనే కడుక్కుని లేచాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను పళ్ళెం కడగడం అదే మొదలు. అది కోపమో తప్పు చేసినవాడి వినయమో ఆమెకు తేలలేదు.

మర్నాడు కుళాయి దగ్గర మీటింగు పెట్టారు. నీళ్ళకొచ్చామని చెప్పుకోవచ్చు కాబట్టి వాడ మీటింగులన్నీ అక్కడే. తోట కావలివాడు దూరం నుంచి చూస్తే ఖాళీ బకెట్లతో వాదులాడుకునే జనం కనపడతారు, అదేం కొత్త కాదు.

"అర్జీ పెడదాం," అన్నాడు సీబర్ట్.

"ఎరువుల కొట్టంలోనే పెడతారు దాన్ని."

"చెరుకు తగలబెడదాం," అన్నాడు ఒక కుర్రాడు.

"కోసేశాం కదరా. ఏం తగలబెడతావు, నీ మొలకెత్తని మీసమా?"

నవ్వులు ఆగాక కొరాలీ బకెట్టు బోర్లించి దాని మీద కూచుంది. "వాళ్ళు సామానంటున్నారు. సరే. సామాను మనిష్టం వచ్చిన చోట సర్దుకుంటాం. సోమవారం ఆఫీసరొచ్చేసరికి మన ఇళ్ళన్నీ ఆ రోడ్డు మీద ఉండాలి."

"రోడ్డు మీద ఉంటే ఏమవుతుందో నీకెలా తెలుసు?" అన్నాడు సీబర్ట్.

ఆమె చెప్పక తప్పలేదు. "ఎగ్బర్ట్ చెప్పాడు."

బకెట్లన్నీ ఒక్కసారి చప్పుడు చేశాయి. "ఇల్లు మనచేతే విప్పించాలని ప్రిడీ ఎత్తు," అన్నారు. "విప్పాక మళ్ళీ నిలబెట్టనిస్తారా?" అన్నారు. "గొలుసు పట్టినవాడు మన మెడకు తాడు కూడా వేస్తాడు," అన్నారు. అందులో ఏదీ కొరాలీ తనలో తాను అనుకోనిది కాదు.

మిస్ డ్రుసిల్లా అంతసేపూ ఊరుకుని, అందరూ అలిసిపోయాక అంది: "వాడు అబద్ధమే చెప్పాడనుకోండి. ఊరికే కూచుంటే ఇల్లు పోతుంది. లేస్తే కూడా పోతుందేమో. నాకు కూచుని కూచుని నడుం నొప్పి. నా ఇల్లు ముందు విప్పండి."

శనివారం ఇల్లెత్తే పండగ. ఆ వాడలో ఇల్లు కదపడం ఒక్కడి పని కాదు, ఎప్పుడూ కాలేదు. పిలవకుండా వస్తారు, తినకుండా పోరు. మగవాళ్ళు గోడల మేకులు ఊడబెరికారు, గోడ పలకలను నలుగురేసి పట్టారు, కప్పుల కింద భుజాలు పెట్టి సీబర్ట్ కూతకు అడుగు కలిపారు. ఆడవాళ్ళు రాళ్ళు మోశారు. కొరాలీ పెద్ద కుండలో మొక్కజొన్న పిండి, బెండకాయలు వేసి కూకూ తిప్పింది, ఎగిరే చేపల పులుసు పెట్టింది. కట్టెలు తడిగా ఉన్నాయని తిట్టుకుంటూ, ఎక్కడినుంచో ఎండు పుల్లలు ఒడినిండా తెచ్చి పొయ్యిలో పెట్టింది. ఎగ్బర్ట్ అందరితో పాటు మోశాడు. ఎవరూ అతని పక్కన భుజం పెట్టలేదు, అందుకని అతనికి ఎప్పుడూ బరువు కొసే దక్కింది.

సాయంత్రానికి వాడ మారిపోయింది. అందంగా కూడా ఉంది. అదే వచ్చిన చిక్కు.

ఆదివారం పొద్దున ప్రిడీ జీపు వచ్చి ఆగింది. అతను దిగకుండానే చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత మనసారా నవ్వాడు.

"నా సర్వేయరు ఇంత బాగా పెట్టలేడు," అన్నాడు. "రోడ్డంటే ఎలా ఉంటుందో రేపు ఆఫీసరుకు చూపిస్తాను. చాలా సంతోషం."

అతను పోయాక వాడ తనను తాను చూసుకుంది. ఎర్ర పీలికల వరసకు ఇటు సగం ఇళ్ళు, అటు సగం ఇళ్ళు. ప్రతి ఇంటి గుమ్మమూ గీతకే తిరిగి ఉంది. కిటికీలు ఎదురూ బొదురూ. మధ్యలో నున్నటి ఖాళీ, బండి పోయేంత. మీద ఇళ్ళు కూచోబెడదామనుకున్న రోడ్డును ఒక రోజంతా చెమటోడ్చి చక్కగా పరిచి పెట్టారు.

"అన్నానా," అన్నాడొకడు. ఎగ్బర్ట్ చొక్కా పట్టుకున్నాడు. "ఎక్కడ పెట్టాలో వీడే చూపించాడు. వీడే."

"నేనెవరికీ చూపించలేదు."

"మరి అందరం ఒకలాగే ఎలా పెట్టాం?"

గుంపు దగ్గరకు మూసుకుంది. కొరాలీ ఆ చెయ్యి పట్టి లాగలేదు. మొగుణ్ణి వెనకేసుకు రావాలని కూడా అనిపించలేదు. ఆమెకు నిజం కావాలి. అందుకని మిస్ డ్రుసిల్లా దగ్గరకు పోయింది.

"మీ గుమ్మం ఇటెందుకు పెట్టించారు?"

"ఎటు పెట్టిస్తారు మరి? ఇల్లన్నాక ముఖం దారికి ఉండాలి. దారికి వీపు పెట్టుకుని బతికేవాళ్ళు దొంగలు."

"ఎవరైనా చెప్పారా?"

"చెప్పేదేముంది పిల్లా. మా అమ్మ ఇల్లూ అంతే."

కొరాలీ గుంపు వైపు తిరిగింది. "సీబర్ట్ అన్నా, నీకెవరు చెప్పారు?"

సీబర్ట్ గడ్డం గోక్కున్నాడు. "ఎవరూ చెప్పలేదు. దారికి తిప్పి పెట్టా."

"దారెక్కడుంది?"

అందరూ చూశారు. గడ్డి ఉంది, మేకులున్నాయి. దారి లేదు.

"లేని దారికి మనం ఒదిగి నిలబడ్డాం," అంది కొరాలీ. "వాడు నాలుగు పీలికలు కడితే చాలు, మన కాళ్ళే మనల్ని పక్కకు తీసుకుపోయాయి. ఎవరో నేర్పాలా మనకు? పుట్టినప్పటినుంచీ అదే పని కదా. ఆ చొక్కా వదులు, మొన్ననే కుట్టాను."

చొక్కా వదిలారు. అనుమానం మాత్రం పూర్తిగా వదల్లేదు, వదిలితే ఎక్కడ పెట్టుకోవాలో ఎవరికీ తెలియదు.

మళ్ళీ విప్పాలంటే ఆదివారం. పని చేస్తే పాపమని కొందరు చర్చి బట్టలతో గొణిగారు. "దేవుడు ఎప్పుడూ అద్దె నేలలో ఉండలేదు, ఆయనకు ఈ బాధ తెలీదు. నేను చెప్పుకుంటాలే," అంది మిస్ డ్రుసిల్లా. అయితే తన ఇంటిని దారికి అడ్డంగా, వీపు ముందుకు పెట్టి నిలబెడుతుంటే ఆమె కళ్ళు మూసుకుంది. వంటింటి వెనకవైపు, మసి పట్టిన చెక్కలు, ఊరంతా చూసేలా బయటికొచ్చాయి. ఆమెకది బట్టల్లేకుండా నిలబడ్డంత సిగ్గు. కళ్ళు తెరిచి, "ఇంకా కాస్త మధ్యకు," అంది.

ఆ తర్వాత ఎవరూ వెనకాడలేదు. ఒకటి వాలుగా, ఒకటి ఐమూలగా, ఒకదాని గుమ్మం ఇంకొకదాని పెరట్లోకి. వరస అనేది కనపడితే చాలు సీబర్ట్ చెరిపేశాడు. జీవితమంతా దారానికి గుండు వేలాడదీసి నిటారు చూసిన చేతులు అవి. వంకరగా పెట్టడం అతనికే ఎక్కువ కష్టమైంది.

సోమవారం ఆఫీసరు వచ్చాడు. సన్నటి మనిషి, చేతిలో గొడుగు, చంకలో చుట్టిన ప్లాను. వెంట ప్రిడీ, ఆ వెనక పోలీసు సార్జెంటు. ఆఫీసరు ప్లాను విప్పి, నూతిని చూసి తలూపాడు. చింతచెట్టును చూసి తలూపాడు. గుర్రం సమాధి దగ్గర టోపీ సర్దుకున్నాడు. రోడ్డు మొదలవ్వాల్సిన చోటికొచ్చి ఆగాడు. అతని ముందు మసిబారిన గోడ ఉంది. అందులో కిటికీ తెరుచుకుని, అంట్లు కడిగిన నీళ్ళు అతని బూట్ల పక్కన పడ్డాయి.

"ఇదేమిటి?"

"సామాను," అన్నాడు ప్రిడీ.

ఆఫీసరు కాసేపు చూశాడు. "సామానులోంచి పొగ వస్తోంది."

"రోడ్డుకు అడ్డం పెట్టారు సార్. సార్జెంటును అందుకే తెచ్చాను."

"ఏ రోడ్డుకండీ?" అంది కొరాలీ. వాడంతా ఆమె వెనక చేరింది. "రోడ్డు వేసుకోవచ్చా అని అడగడానికే కదా ఈ కాగితం. ఇంకా లేనిదానికి అడ్డం ఎలా వస్తాం? ఒకవేళ అడ్డం వచ్చామంటే, ఉన్నట్టే కదా మేం. ఉంటే గీయాలి కదా."

ఆఫీసరు ఆమె వైపు చూడలేదు, పేదవాళ్ళ పక్షం వహించే మనిషిలా కూడా లేడు. అతనికి కాగితం తప్పుగా ఉండటం గిట్టదు, అంతే. పెన్ను తీసి ప్లాను మూలన రాశాడు. "నేల మీద ఉన్నవన్నీ చూపించి మళ్ళీ గీయించండి. పొయ్యి రాజేసినవన్నీ. అప్పుడొస్తాను."

"గీసేలోగా మళ్ళీ జరుగుతారు," అన్నాడు ప్రిడీ. మొదటిసారి అతని నవ్వు కనపడలేదు.

"అయితే మళ్ళీ గీయించండి."

ఎవరూ కేక వేయలేదు. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు, ఇది కూడా ఎత్తేమో అన్నట్టు. నమ్మడం మరిచిపోయిన వాడ అది.

ప్రిడీ సార్జెంటు చెవిలో ఏదో చెప్పాడు. సార్జెంటు గొంతు సవరించుకున్నాడు. "సర్వే మేకులు పీకడం నేరం. ఇక్కడ ఒక్క మేకూ లేదు. ఎవరు పీకారు?"

కొరాలీ తన పొయ్యి వైపు చూసింది. శనివారం పొయ్యిలో పెట్టిన ఎండు పుల్లలు అవే. ముందు అటు చివర కొన్ని, నిన్న మిగతావన్నీ. ఎర్ర పీలికలతో గిన్నెలు దించింది. వాడంతా ఆ కూకూ తిన్నది. ఆమె ఒక అడుగు ముందుకేసింది, కానీ ఎగ్బర్ట్ అప్పటికే ముందున్నాడు.

"దిగగొట్టింది నేను. ఎక్కడెక్కడున్నాయో తెలిసింది నాకే. నేనే పీకాను."

"అబద్ధం," అంది కొరాలీ. "నేను పీకాను సార్. పొయ్యిలో పెట్టాను."

సార్జెంటు ఇద్దర్నీ చూసి, మొగుణ్ణి కాపాడుకునే ఆడవాళ్ళు తన స్టేషనుకు రోజూ వస్తారన్నట్టు నిట్టూర్చాడు. ఎగ్బర్ట్ చేతులు ముందుకు చాపాడు. ఆమె వైపు తిరిగి, "బాగా ఉడికింది కూకూ," అన్నాడు మెల్లగా. అతనికి తెలుసు. తింటున్నప్పుడే తెలుసు. ఆమె అతని జేబులు వెతికింది, అతను ఆమె పొయ్యి చూసి ఊరుకున్నాడు.

అతన్ని ఎక్కించుకుని పోలీసు వ్యాను కదిలింది. నిన్న చొక్కా పట్టుకున్న మనిషి వ్యాను వెనక కొంతదూరం నడిచాడు. తిరిగొచ్చి కొరాలీ ముందు నిలబడి, "అక్కా, ఏం చేద్దాం?" అన్నాడు.

కొరాలీ తన ఇంటి వైపు చూసింది. ఐమూలగా, ఎవరి పెరట్లోకో తిరిగి ఉంది.

"మొగుడున్న చోట ఇల్లుండాలి," అంది. "విప్పండి."

పెద్ద రోడ్డు మీద ఆ మధ్యాహ్నం బస్సులు ఆగిపోయాయి. ముందు రెండు గాడిద బళ్ళ మీద ఇంటి కప్పు, వెనక మనుషుల తలల మీద గోడలు, గోడల్లో కిటికీలు, కిటికీల్లోంచి కనపడే ఆకాశం. కొరాలీ తలుపు మోసింది. దారిలో ఇంకో తోట వాడ వచ్చింది. అక్కడి జనం మెట్ల మీద నిలబడి చూశారు, అనుమానంగానే. ఎవరిదీ, ఎక్కడికీ, ఎందుకూ అని అడిగారు. జవాబు విన్న ఒక ముసలాయన లోపలికి పోయినట్టే పోయి, వంగి, తన ఇంటి దొంతిలోంచి ఒక రాయి లాగాడు. తెచ్చి బండిలో పెట్టాడు. అతని ఇల్లు ఆ మూల కాస్త ఒరిగింది.

"కిందకు కావాలి కదా," అన్నాడు.

తర్వాతి వాడల్లో అడగకముందే రాళ్ళు చేతుల్లో పట్టుకుని నిలబడ్డారు.

చీకటి పడకముందే పోలీసు స్టేషను ఎదురుగా, గడ్డి మీద, నాలుగు తోటల రాళ్ళ మీద ఇల్లు నిలబడింది. సార్జెంటు స్టేషను గుమ్మంలోకొచ్చి, ఇది కుదరదన్నాడు. ఇక్కడ ఉండకూడదన్నాడు. ఎవరి అనుమతితో అన్నాడు. సీబర్ట్ చివరి మేకు కొట్టడం ఆపలేదు. కొరాలీ పొయ్యి రాజేసి, లాకప్పు లోపల ఉన్నవాడికి కూడా సరిపడా పిండి కొలిచి పోసింది.

సార్జెంటు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. మధ్యలో ఆగి, ఆమె తల మీదుగా రోడ్డు వైపు చూశాడు. కొండ మలుపు దగ్గర జనం కనపడ్డారు. వాళ్ళ భుజాల మీద ఇంకో కప్పు ఉంది.